దాతల డబ్బుతో చదివిస్తున్న పిల్లల్లో మార్పు మన వల్లే వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

సాయంత్రంబడి:

అందరికీ నమస్కారం. మేం కొంతమంది స్నేహితులం కలిసి ఒక చిన్న ట్రస్ట్ నడుపుతున్నాం, పూర్తిగా దాతలిచ్చే డబ్బుతోనే. చేసేవి రెండే పనులు. ఆదాయం బాగా తక్కువున్న ఇళ్ళ పిల్లలు కొందరికి ప్రైవేట్ స్కూల్ ఫీజు కడతాం, ఇంకొందరు సర్కారు బడికెళ్ళే పిల్లలకి సాయంత్రాలు చదువు చెప్పిస్తాం, దానికి ఇద్దరు ముగ్గురు టీచర్లకి జీతం ఇస్తాం. ఏటా దాతలకి ఒక రిపోర్ట్ పంపుతాం. ఎంతమంది పిల్లలు, ఎన్ని పుస్తకాలు, ఎన్ని బ్యాగులు, పదో తరగతి ఎంతమంది పాసయ్యారు, ఇవీ అందులో ఉండేవి.

ఈసారి ఒక దాత రిపోర్ట్ మొత్తం చదివి ఫోన్ చేశారు. చాలా మర్యాదగానే అడిగారు, "మీరు సాయం చెయ్యకపోయినా వీళ్ళలో ఎంతమంది పాసయ్యేవాళ్ళండీ?" అని. అప్పట్నుంచి మా వాళ్ళందరి బుర్రలోనూ అదే తిరుగుతోంది. ఆయనకి జవాబు చెప్పాలని మాత్రమే కాదు, మాకే తెలుసుకోవాలనుంది. వచ్చే ఏడు ఉన్న డబ్బు ఫీజులకి ఎక్కువ పెట్టాలా సాయంత్రం క్లాసులకి ఎక్కువ పెట్టాలా అనే నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంది, తప్పు చోట పెడితే నష్టపోయేది పిల్లలే కదా.

మా టీచర్లలో ఒకరు చదువుని కొలవడం కుదరదు, అది పదేళ్ళ తర్వాత తెలిసే సంగతి అంటారు. ఇంకొకరు వెంటనే ఏదైనా ఏజెన్సీకి ఇచ్చి సర్వే చేయిద్దాం అంటారు, కానీ దానికయ్యే డబ్బుతో ఇంకో టీచర్ని పెట్టుకోవచ్చు. మా స్థాయి వాళ్ళు నిజాయితీగా, తక్కువ ఖర్చులో చెయ్యగలిగింది ఏమైనా ఉందా? మధ్యలో మానేసిన పిల్లల్ని లెక్కలో ఎలా పెట్టాలి? ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, పెద్దగా రాసినా పర్లేదు, ఓపిగ్గా చదువుతాం.

కొలతబద్ద:

సాయంత్రంబడి గారూ, ఆ దాత అడిగిందే అసలు ప్రశ్నండి, మిగతావన్నీ దాని తర్వాతే. నేను కొన్నేళ్ళు ఇలాంటి ప్రోగ్రాముల సర్వేల్లో ఫీల్డ్ పని చేశాను, పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ పక్కన కూచోబెట్టుకుని చదివించి రాసుకునే పని, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పదో తరగతి పాస్ శాతం ఎందుకు పనికిరాదంటే, మీరు పిల్లల్ని ఎలా ఎంచుకున్నారన్నది ఆ అంకెలో దాక్కుని ఉంటుంది. అప్లికేషన్ ఉందని తెలుసుకుని, పని మానుకుని మీ ఆఫీసుకొచ్చి, రెండు మూడుసార్లు తిరిగి ఫారం ఇచ్చి వెళ్ళే తల్లి ఉందంటే ఆ పిల్లకి ఇంట్లో అప్పటికే చదువు మీద పట్టుదల ఉందన్నమాట. పైగా మార్కులో ఇంటర్వ్యూనో చూసి తీసుకుంటే మీరు సగం ఫలితాన్ని ముందే ఎంచుకున్నట్టు. ఆ పిల్లలు వేరే పిల్లల కన్నా బాగా చదివారంటే మీ డబ్బు వల్లనో ఆ తల్లి వల్లనో ఎలా విడదీస్తారు?

సరే, అయితే మొదట్లో ఒక టెస్ట్ పెట్టి ఏడాది తర్వాత ఇంకోటి పెడదాం, తేడా మనదే అంటారా, అదీ చాలదు. ఏడాది గడిస్తే ఏ పిల్లయినా ఎంతో కొంత నేర్చుకుంటుంది, బడి ఉంది, వయసు పెరుగుతుంది. ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందికి తట్టదు. మీరు ఒకరోజు టెస్ట్ పెట్టి బాగా తక్కువ మార్కులొచ్చిన పిల్లల్ని సాయంత్రం క్లాసుకి తీసుకున్నారనుకోండి, వాళ్ళలో కొందరికి ఆ రోజు జ్వరమో, భయమో, నిద్ర లేకపోవడమో ఉంటుంది. ఇంకోరోజు అదే టెస్ట్ పెడితే ఏ క్లాసూ లేకుండానే వాళ్ళ మార్కులు కొంత పెరుగుతాయి. ఆ పెరిగింది మనం మన ఖాతాలో వేసుకుంటాం. అలాగే టాపర్లని ఎంచుకుంటే మర్నాటి టెస్టులో వాళ్ళు కొంత తగ్గుతారు, ప్రోగ్రాం చెడగొట్టిందని అనుకుంటాం.

కాబట్టి పోల్చడానికి అచ్చం అలాంటి పిల్లలే, కానీ సాయం అందనివాళ్ళు కావాలి. వాళ్ళు ఎక్కడ దొరుకుతారంటే మీ వెయిటింగ్ లిస్టులో. సీట్ల కన్నా అర్హులైన అప్లికేషన్లు ఎక్కువొచ్చినప్పుడు లాటరీ తీస్తే వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ మధ్య ఉన్న తేడా అదృష్టం ఒక్కటే, తల్లుల పట్టుదల రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఘానాలో 2008లో హైస్కూల్లో సీటొచ్చి డబ్బు లేక చేరలేని 2,064 మంది పిల్లల్లో 682 మందికి లాటరీ తీసి స్కాలర్‌షిప్ ఇచ్చి, రెండు వైపుల వాళ్ళనీ ఏళ్ళ తరబడి వెంట ఉండి చూశారు. అమ్మాయిల్లో చదువు పెరగడమే కాదు, చిన్న వయసులో గర్భం దాల్చడం కూడా తగ్గింది. పాస్ శాతం ఒక్కటే చూసుంటే ఇది బయటపడేదే కాదు.

మీ ఫీజుల ప్రశ్నకి దగ్గరగా ఉండే స్టడీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2008లో పల్లెల్లో లాటరీ తీసి కొంతమంది సర్కారు బడి పిల్లలకి ప్రైవేట్ స్కూల్లో చదవడానికి వోచర్లు ఇచ్చారు, కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఎకనామిస్టులు దాన్ని నాలుగేళ్ళు చూసి 2015లో ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో ప్రైవేట్‌కి వెళ్ళినవాళ్ళకీ వెళ్ళనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రైవేట్ స్కూళ్ళు తెలుగు, లెక్కల టైం తగ్గించి ఆ టైం హిందీకీ మిగతావాటికీ ఇచ్చాయి. ఇంకో సంగతి, ఆ ప్రైవేట్ స్కూళ్ళలో ఒక్కో పిల్లకయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. అంటే ఒకే స్టడీలో తెలుగు మార్కులు చూసినవాడు లాభం లేదంటాడు, హిందీ చూసినవాడు ఉందంటాడు, ఖర్చు చూసినవాడు చవగ్గా అయిందంటాడు. ముగ్గురూ నిజమే చెప్తున్నారు. అందుకే మీరు ఏం మారాలనుకుంటున్నారో టెస్ట్ పెట్టకముందే రాసి పెట్టుకోవాలి. ఫలితం చూశాక బాగున్న సబ్జెక్టు ఏరుకుని రిపోర్టులో వెయ్యడం చాలా తేలిక, చాలామంది చేసేది అదే.

సామాన్లు లెక్కపెట్టడం గురించి కూడా ఒక మాట. కెన్యాలో పల్లె బడులకి పాఠ్యపుస్తకాలు ఇచ్చి చూశారు, అప్పటిదాకా పుస్తకాలు చాలా తక్కువున్న బడులు అవి. సగటు మార్కులు పెరగలేదు. ముందే బాగా చదివే పిల్లలకి మాత్రం లాభం కలిగింది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, అది చాలామంది పిల్లలకి మూడో భాష, వాళ్ళు చదవలేకపోయారు. పంచిన పుస్తకాల సంఖ్యే రిపోర్టులో రాసుంటే అది గొప్ప విజయం అయ్యేది. మీ రిపోర్టులో బ్యాగుల లెక్క ఉండనివ్వండి, ఖర్చు జవాబుదారీకి అది కావాలి, కానీ దాన్ని ఇంపాక్ట్, అంటే మన వల్ల వచ్చిన మార్పు, అనే హెడ్డింగ్ కింద పెట్టకండి.

మానేసిన పిల్లల గురించి ఒకటే రూలు. చేరిన రోజు రిజిస్టర్లో ఎవరి పేరు ఎక్కిందో వాళ్ళందరూ చివరిదాకా లెక్కలో ఉండాలి. వందమంది చేరి ముప్ఫై మంది వెళ్ళిపోయి మిగిలిన డెబ్భై మందిలో అరవై మూడు మంది పాసైతే అది 90 శాతం కాదండి, 63. వెళ్ళిపోయేది ఎక్కువగా వెనకబడ్డవాళ్ళే కాబట్టి వాళ్ళు పోయేకొద్దీ మీ సగటు దానంతటదే పెరుగుతూ ఉంటుంది, ప్రోగ్రాం ఎంత అధ్వానంగా ఉంటే అంకె అంత అందంగా కనిపించే ప్రమాదం ఉంది.

నల్లబల్ల:

నేను ప్రైమరీ టీచర్ని. కొలతబద్ద గారు చెప్పినవాటితో గొడవ లేదు గానీ తరగతి గదిలో ఏమవుతుందో కూడా చెప్పాలి. కొలవడం మొదలెట్టిన మర్నాటి నుంచీ టీచర్లు ఆ కొలతకే చెప్తారు, అది వాళ్ళ చెడ్డతనం కాదు, జీతం ఇచ్చేవాళ్ళు దేన్ని చూస్తే దానికే చెప్తారు. చదవడానికి ఒకే పేరా పెట్టి టెస్ట్ చేస్తే రెండు నెలల్లో క్లాసంతా ఆ పేరా అప్పజెప్పేస్తుంది, అక్షరం రాని పిల్ల కూడా వేలు పెట్టి చకచకా చదివేస్తుంది. పాసయ్యేవాళ్ళ సంఖ్య చూస్తే గీతకి కాస్త కింద ఉన్న నలుగురి మీదే టీచర్ కూచుంటారు, బాగా కిందున్నవాళ్ళని వదిలేస్తారు, పైవాళ్ళని అసలే పట్టించుకోరు. ఇంకా బాధ కలిగించేదేంటంటే రానివాళ్ళని చేర్చుకోవడమే మానేస్తారు.

అందుకని సాయంత్రంబడి గారూ, మూడు నాలుగు రకాల పేరాలు తయారుచేసుకోండి, కష్టం ఒకే స్థాయిలో ఉండాలి, మార్చి మార్చి వాడండి. క్లాసు చెప్పే టీచర్ తన పిల్లల్ని తనే టెస్ట్ చెయ్యకూడదు, వేరే సెంటర్ టీచరో వాలంటీరో చెయ్యాలి. పాస్ ఫెయిల్ కాకుండా ప్రతి పిల్లా ఎన్ని మెట్లు ఎక్కిందో రాయండి, అక్షరాల నుంచి పదాలకి వచ్చినా అది లెక్కలోకి రావాలి, అప్పుడు టీచర్‌కి చివరి బెంచీ పిల్ల మీద కూడా ఆశ ఉంటుంది.

ఎలాంటి టెస్ట్ అన్నదానికి, ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పల్లెల్లో పిల్లల చదువు మీద 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే టూల్ చూడండి. ఒక కాగితం మీద అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి, పిల్ల సాఫీగా చదవగలిగిన పై మెట్టు ఏదో అదే రాసుకుంటారు. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. ఒక్కో పిల్లకి కొన్ని నిమిషాలు చాలు, ఏ తరగతి పిల్లకైనా అదే కాగితం. పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సగం మంది రెండో తరగతి కథ చదవలేకపోతున్నారన్నది అందరికీ తెలిసింది ఆ చిన్న కాగితం వల్లే. 2022లో చదవగలిగినవాళ్ళు 42.8 శాతం, 2024కి 48.8కి వచ్చారు.

స్కూల్ పరీక్ష మార్కులతో కొలవొద్దని నేను గట్టిగా చెప్తాను. ఏడో తరగతి పిల్ల మూడో తరగతి లెక్కల దగ్గర ఆగిపోయి ఉంటే, మీ సాయంత్రం క్లాసు వల్ల ఆ పిల్ల ఐదో తరగతి దాకా వచ్చినా ఏడో తరగతి పేపర్లో సున్నాకి దగ్గరగానే ఉంటుంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ క్లాసుల మీద లాటరీ తీసి చేసిన స్టడీలో ఇదే బయటపడింది, నాలుగున్నర నెలల్లో పిల్లలు లెక్కల్లో బాగా ముందుకొచ్చారు, విడిగా పెట్టిన టెస్టులో అది స్పష్టంగా కనిపించింది, స్కూల్ లెక్కల పరీక్షలో మాత్రం కనిపించలేదు. పిల్ల ఎక్కడుందో అక్కడ కొలిచే టెస్ట్ ఉండాలి, లేకపోతే మంచి పని చేస్తూ కూడా చెయ్యట్లేదనుకుని ఆపేస్తారు.

చదువుని కొలవడం కుదరదన్న మీ టీచర్ గారికి ఒక్క మాట చెప్పండి. మొత్తం చదువుని కొలవలేం, ఒప్పుకుంటాను. కానీ ఒక పిల్ల తన భాషలో ఒక పేజీ చదివి అర్థం చెప్పగలదా లేదా అన్నది మాత్రం కచ్చితంగా తెలుసుకోవచ్చు, తెలుసుకోకుండా ఐదేళ్ళు పై తరగతికి పంపిస్తూ పోవడం ఆ పిల్లకి అన్యాయం.

చిరుదాత:

నేను ఇచ్చేవాళ్ళ వైపు నుంచి మాట్లాడతాను, పెద్ద దాతని కాను, నెలనెలా కొంత పంపుతాను అంతే. మాకు ఫొటోలు అక్కర్లేదండి. పిల్లల చేత థాంక్స్ అని రాయించి పంపొద్దు. నాకు కావలసింది ఒక్కో పిల్లకి ఏడాదికి మొత్తం ఎంతయింది, ఆ ఏడాదిలో ఆ పిల్ల ఎక్కణ్ణుంచి ఎక్కడికొచ్చింది, ఎంతమంది మానేశారు, ఎందుకు. మానేసినవాళ్ళ ఖర్చు కూడా కలిపి చెప్పాలి.

ఆఫీసు ఖర్చు తక్కువ అని గొప్పగా చెప్పుకునే రిపోర్టులు చాలా వస్తాయి నాకు. అది పొదుపు, ఇంపాక్ట్ కాదు. మంచి టీచర్‌కి సరైన జీతం ఇచ్చి, టెస్టులకి ఒక మనిషిని పెట్టి, ఆఫీసు ఖర్చు కాస్త ఎక్కువైనా పిల్లలకి చదవడం వస్తే నేను సంతోషంగా ఇస్తాను. ఫలానాది మేం చేసి చూశాం, పని చెయ్యలేదు, అందుకని ఆపేసి డబ్బు ఇటు మార్చాం అని ఎవరైనా రాస్తే వాళ్ళని ఇంకా ఎక్కువ నమ్ముతాను, నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, అలా రాస్తే దాతలు పారిపోతారని ట్రస్టులు ఊరికే భయపడుతున్నాయి.

మొదటితరం:

నేను అవతలి వైపు పిల్లని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని, నా ఫీజు ఒక సంస్థ కట్టింది, పేరు చెప్పను, వాళ్ళు చేసిన మేలు పెద్దది, ఎప్పటికీ మర్చిపోను. కానీ కొలవడం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెప్పాలి. ఏడాదికోసారి ఫారం పట్టుకుని వచ్చేవాళ్ళు, ఇంట్లో ఎంతమంది, నాన్న తాగుతాడా, అమ్మ ఏ ఇంట్లో పనిచేస్తుంది, ఇవన్నీ క్లాసులో మిగతా పిల్లల ముందే అడిగేవాళ్ళు. ఆ రోజు బడికి వెళ్ళాలంటే నాకు కాళ్ళు ఆడేవి కాదు. నాతో పాటు సాయం అందుకున్న ఒకమ్మాయి ఆ ఫారం రోజులు తప్పించుకోవడానికే బడి మానేసేది, మరి వాళ్ళ అటెండెన్స్ లెక్కలో అది ఏ కారణం కింద పడిందో.

మీరు అడిగే ప్రతి ప్రశ్నకీ ముందు, ఈ జవాబుతో మేం ఏం మారుస్తాం అని మిమ్మల్ని మీరు అడగండి. ఏమీ మార్చకపోతే ఆ ప్రశ్న తీసెయ్యండి. ఇంటి సంగతులు విడిగా, ఒక ఆడమనిషి, తల్లితో మాట్లాడి తెలుసుకోవాలి. పేర్లున్న షీటు అందరికీ వాట్సాప్‌లో పంపకూడదు, పేరు బదులు నంబర్ పెట్టుకుని ఆ నంబర్ల జాబితా ఒక్కరి దగ్గరే ఉంచండి. తల్లిదండ్రులకి ఇవన్నీ ఎందుకు అడుగుతున్నామో, చెప్పకపోయినా సాయం ఆగదనీ ముందే చెప్పాలి, లేకపోతే భయపడి మీకు నచ్చే జవాబే చెప్తారు, ఆ డేటా వల్ల మీకూ లాభం లేదు. మా అమ్మ ఎప్పుడూ "అంతా బాగుందండీ" అనే చెప్పేది.

ఇంకోటి, నా విషయంలో నిజంగా పనిచేసింది ఏంటని ఎవరూ అడగలేదు. ఫీజు ఒక కారణం, అంతకన్నా పెద్దది తొమ్మిదో తరగతిలో నన్ను పనిలో పెట్టాలనుకున్నప్పుడు వాళ్ళ టీచరమ్మ ఇంటికొచ్చి మా నాన్నతో గంటసేపు మాట్లాడటం. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పినావిడ కూడా ఆవిడే. ఆ పని ఏ రిపోర్టులోనూ లేదు. ఏది పనిచేసిందో పిల్లల్ని అడగండి, పెద్దయిపోయినవాళ్ళని ఇంకా బాగా అడగండి.

పదేళ్ళ తర్వాత తెలుస్తుందన్న టీచర్ గారి మాటలో నిజం ఉంది. అమెరికాలో మిచిగన్‌లో 1962లో మొదలుపెట్టిన పెర్రీ ప్రీస్కూల్ అనేదాంట్లో 123 మంది పేద నల్లజాతి పిల్లల్ని లాటరీ లాగా విడదీసి సగం మందిని మంచి బాలబడికి పంపారు. ఐక్యూలో మొదట వచ్చిన తేడా కొన్నేళ్ళకే కరిగిపోయింది, అక్కడితో ఆపేసి ఉంటే ప్రోగ్రాం దండగ అని రాసేవాళ్ళు. నలభై ఏళ్ళు వచ్చేదాకా చూస్తే ఆ పిల్లల్లో హైస్కూల్ పూర్తిచేసినవాళ్ళు ఎక్కువ, సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. అంతకాలం చూడాలంటే పిల్లలు దొరకాలి కదా, మన ఇళ్ళలో ఫోన్ నంబర్లు అస్తమానం మారిపోతాయి, అద్దె ఇళ్ళు మారతాం, కాబట్టి చేరినప్పుడే మేనమామదో పిన్నిదో ఇంకో రెండు నంబర్లు తీసుకోండి, ఏడాదికోసారి పలకరింపుగా ఒక ఫోన్ చెయ్యండి, చేసేది మేం గుర్తుపట్టే మనిషి అయ్యుండాలి.

సాయంత్రంబడి:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. మొదటితరం గారూ, మీరు రాసింది మా టీం అందరం కూచుని చదువుకున్నాం, మా ఫారంలో ఉన్న ప్రశ్నల్లో చాలావాటితో మేం ఏమీ మార్చం, అవి తీసేస్తున్నాం.

ఇప్పుడు మా ఆలోచన ఇది. జూన్‌లో చేరగానే అందరికీ ఆ నాలుగు మెట్ల టెస్ట్, ఒక సెంటర్ వాళ్ళు ఇంకో సెంటర్ పిల్లలకి చేస్తారు, మళ్ళీ ఫిబ్రవరిలో. చేరినవాళ్ళందరి పేర్లూ చివరిదాకా షీటులో ఉంటాయి. రెండు అనుమానాలు మిగిలాయి కొలతబద్ద గారూ. ఒకటి, లాటరీ అంటే మా వాళ్ళకి మనసొప్పట్లేదు, కళ్ళముందు అవసరంలో ఉన్న పిల్లని చీటీ రాలేదని పంపెయ్యడం ఎలా? రెండోది, మా సెంటర్లలో మొత్తం కలిపినా వందమంది లోపే, ఇంత చిన్న సంఖ్యతో ఏమైనా తేలుతుందా?

కొలతబద్ద:

రెండూ మంచి ప్రశ్నలే. లాటరీ వల్ల మీరు ఎవరికీ కొత్తగా సాయం ఆపట్లేదు, సీట్లు అన్నే, అప్లికేషన్లు ఎక్కువ. ఇప్పుడు ఆ సీట్లు ఎవరికి పోతున్నాయి? ముందొచ్చినవాళ్ళకీ, మీకు తెలిసినవాళ్ళు చెప్పినవాళ్ళకీ, గట్టిగా అడగ్గలిగినవాళ్ళకీ. అందరికన్నా అవసరం ఉన్న తల్లి వీళ్ళలో ఉండకపోవచ్చు. సమాన అవసరం ఉన్నవాళ్ళ మధ్య చీటీ తియ్యడమే నాకు న్యాయం అనిపిస్తుంది, అదీ తల్లిదండ్రుల ముందే తియ్యాలి, అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు. అమ్మానాన్న లేని పిల్లలు, పనిలోకి పంపేస్తారన్న భయం ఉన్న పిల్లలు, ఇలాంటివాళ్ళని లాటరీ బయట నేరుగా చేర్చుకోండి, పోల్చే లెక్కలో మాత్రం వాళ్ళని కలపొద్దు, విడిగా చూపించండి.

ఎవరినీ పంపెయ్యకుండా ఇంకో దారి ఉంది, వంతులవారీగా మొదలుపెట్టడం. కెన్యాలో నులిపురుగుల మందు ప్రోగ్రాం 75 బడుల్లో అలాగే చేశారు, బడుల్ని మూడు గుంపులు చేసి మొదటి గుంపుకి 1998లో, రెండోదానికి 1999లో, మూడోదానికి 2001లో ఇచ్చారు. చివరికి అందరికీ అందింది, ఆలోపు ముందు అందినవాళ్ళనీ ఇంకా అందనివాళ్ళనీ పోల్చి చూస్తే మందు అందిన బడుల్లో గైర్హాజరు దాదాపు పాతిక శాతం తగ్గిందని తేలింది. ఆ స్టడీ చేసిన ఇద్దరిలో ఒకరైన మైకేల్ క్రెమర్‌కే 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలతో కలిపి ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. మీరు కొత్త సెంటర్లు పెట్టే ఆలోచనలో ఉంటే, ఈ ఏడు ఏ కాలనీలో వచ్చే ఏడు ఏ కాలనీలో అన్నది చీటీ తీసి నిర్ణయించి రెండు చోట్లా జూన్‌లోనే టెస్ట్ చేసేయండి.

సంఖ్య విషయానికొస్తే, నిజం చెప్పాలంటే వందమందితో మీరు మా వల్లే ఇంత మార్పు వచ్చిందని రుజువు చెయ్యలేరు. ముప్ఫై మంది ఉన్న సెంటర్లో ముగ్గురు పిల్లలు అటూ ఇటూ అయితే పది శాతం మారిపోతుంది, అందులో ఒకరు ఊరెళ్ళి ఉండొచ్చు, ఒకరికి కళ్ళజోడు వచ్చి ఉండొచ్చు. కాబట్టి శాతాలు మానేసి మనుషుల సంఖ్యే రాయండి, ముప్ఫై మందిలో పద్ధెనిమిది మంది ఒక మెట్టయినా ఎక్కారు, ఏడుగురు అక్కడే ఉన్నారు, ఐదుగురు మానేశారు అని. అది చదివినవాళ్ళకి ఎంతవరకు నమ్మాలో వాళ్ళకే తెలుస్తుంది.

కానీ నాకు ముఖ్యం అనిపించేది ఇంకోటి. ప్రతి చిన్న ట్రస్టూ కొత్తగా రుజువు చెయ్యక్కర్లేదు. పెద్ద శాంపిల్‌తో ఎవరో ఇప్పటికే తేల్చిన పద్ధతి తీసుకుని, దాన్ని మీరు సరిగ్గా చేస్తున్నారా లేదా అన్నది కొలుచుకుంటే చాలు. ఉదాహరణకి 2001 నుంచి 2003 దాకా వడోదరలో, ముంబైలో ప్రథమ్ వాళ్ళ బాలసఖి ప్రోగ్రాం ఉంది, ఆ చుట్టుపక్కల ఉండే అమ్మాయిలే మూడు నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా కూచోబెట్టుకుని మొదటి నుంచీ చెప్పారు. లాటరీతో చూస్తే పిల్లలు స్పష్టంగా ముందుకొచ్చారు, బాగా వెనకబడ్డవాళ్ళకే ఎక్కువ లాభం. ప్రోగ్రాం అయిపోయిన ఏడాదికి ఆ లాభంలో చాలాభాగం తగ్గింది, కొంత నిలిచింది, ఇదీ దాచకుండా చెప్పారు. మీ సాయంత్రం క్లాసుకి ఇది చాలా దగ్గర. అది పనిచెయ్యడానికి కారణాలు రెండు, తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి కూచోబెట్టడం, రోజూ జరగడం. మరి మీ సెంటర్లో ఆ రెండూ జరుగుతున్నాయా? టీచర్ నెలలో ఎన్నిరోజులు వచ్చారు, ప్రతి పిల్లా ఎన్నిరోజులు వచ్చింది, గ్రూపులు మెట్టుని బట్టి మారుస్తున్నారా లేక జూన్‌లో వేసినవే ఫిబ్రవరి దాకా ఉన్నాయా? ఇవి రోజూ రాసుకుంటే ఏజెన్సీ సర్వే కన్నా మీకు ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే వచ్చే నెలే సరిచేసుకోవచ్చు.

ఆ దాతకి మీరు రాయగలిగింది ఇదీ: ఈ పద్ధతి ఫలానా చోట్ల లాటరీతో పరీక్షించారు, పనిచేసింది, మేం దాన్ని ఇంతమేరకు అమలు చేస్తున్నాం, మా పిల్లలు ఇలా కదిలారు, మా వల్లే ఎంత అన్నది ఈ సంఖ్యతో చెప్పలేం. ఫీజుల వైపు మాత్రం లాటరీ పెట్టండి, అక్కడ మీకు నిజంగా సందేహం ఉంది, డబ్బు కూడా ఎక్కువ పోతోంది అటే.

నల్లబల్ల:

ఫిబ్రవరి వద్దండి సాయంత్రంబడి గారూ, అప్పటికి పదో తరగతి హడావుడిలో టీచర్లందరూ ఉంటారు, చిన్నపిల్లల క్లాసులు సగం జరగవు, జనవరి మూడో వారం చూసుకోండి. రెండోసారి టెస్ట్ మొదటిసారి చేసిన టైంలోనే చెయ్యాలి, పొద్దున్న చేసినదాన్ని సాయంత్రం అలసిపోయిన పిల్లతో పోల్చకూడదు. టెస్ట్ అయ్యాక పిల్లకి మార్కు చెప్పొద్దు, "బాగా చదివావమ్మా" అని పంపండి, మెట్టు మీ షీటులో రాసుకోండి.

సాయంత్రంబడి:

జనవరికి మార్చేస్తున్నాం సార్. మానేసిన పిల్లలకి కూడా జనవరిలో టెస్ట్ చెయ్యాలంటే వాళ్ళు సెంటర్‌కి రారు కదా, ఇంటికెళ్ళి చెయ్యొచ్చా? తల్లిదండ్రులు ఏమైనా అనుకుంటారేమో అని.

నల్లబల్ల:

చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. అసర్ వాళ్ళు ఇళ్ళకి వెళ్ళేది అందుకే, బడిలో చేస్తే ఆ రోజు రానివాళ్ళూ మానేసినవాళ్ళూ తప్పిపోతారు. ముందు పిల్ల ఎలా ఉందో, ఏం చేస్తోందో మాట్లాడండి, కాగితం తర్వాత తియ్యండి. ఎందుకు మానేసిందో నిలదీయకండి, తల్లి చెప్తే వినండి, చెప్పకపోతే వదిలెయ్యండి. మళ్ళీ వస్తానంటే అక్కడే షీటులో పేరు పక్కన రాసుకుని మర్నాటి నుంచే కూచోబెట్టండి, జూన్ దాకా ఆగమని చెప్పొద్దు.